మూతికి పనికిరాని చెయ్యి

ఆ ముసలావిడ అన్న మాట నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. మరిచిపోవాలని నేనెప్పుడూ ప్రయత్నించలేదు.

"అన్నీ సెయ్యి. ఎత్తుకో, జోకొట్టు, ముడ్డి కడుగు. నోట్లో మాత్రం నీ సెయ్యి ఎట్టకు."

మనవరాలిని నా చేతికి ఇస్తూ, గుమ్మం దాటకుండా బయటే నిలబడి అన్నది. అప్పుడు పిల్లకి ఆరో నెల నడుస్తోంది. వెనకాల ఆవిడ కోడలు తలొంచుకుని నిలబడింది. నేను సరేనమ్మా అన్నాను. అలా అన్నందుకు ఆ రోజంతా నా మీద నాకే కోపం. సాయంత్రం పిల్లల గుడ్డలు ఉతుకుతూ నా చేతులు చూసుకున్నాను. ముడ్డి కడగడానికి పనికొచ్చిన చెయ్యి మూతికి పనికిరాకుండా ఎక్కడ పోయిందో నాకు అర్థం కాలేదు.

మాది శ్రీకాకుళం జిల్లా, జీడిపప్పు ఊరు. ఫ్యాక్టరీ గేటు పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. దాన్ని అందరూ పిల్లల గది అంటారు. పిక్కలు కొట్టే ఆడవాళ్ళు పొద్దున్న పిల్లల్ని అక్కడ దించి లోపలికి వెళ్తారు. వాళ్ళని చూసుకోవడం నా పని. పదకొండేళ్ళుగా అదే చేస్తున్నాను. జీడిపిక్క పగిలితే లోపలి సొన చేతికి అంటుకుంటుంది. అది తోలుని కాలుస్తుంది. బూడిద రాసుకున్నా ఆముదం రాసుకున్నా వేళ్ళు నల్లబడి పొరలు పొరలుగా ఊడిపోతాయి. ఆ వేలు పసిపిల్ల పెదవికి తగిలితే పొక్కుతుందని తల్లులకి భయం. మా అమ్మ కూడా పిక్కలు కొట్టిన మనిషే. చేత్తో కలిపి ముద్ద పెట్టడం నాకు ఆవిడ దగ్గర తెలియదు. గరిటెతో నోట్లో వేసేది, వేసి మొహం పక్కకి తిప్పుకునేది.

అందుకే మా గదిలో పెరిగిన పిల్లల్లో చాలామందికి మొదటి ముద్ద నా చేతిదే. ఆ పని నాకు గర్వంగా ఉండేది, ఇప్పటికీ ఉంది. చేరిన కొత్తలో ఒక నర్సమ్మ వచ్చి వారం రోజులు నేర్పింది. ఆరు నెలలు నిండాక మొదలుపెట్టాలి. ఒకసారికి ఒకే కొత్త పదార్థం, మూడు రోజులు చూసి ఇంకోటి. మొదట బియ్యం, పెసరపప్పు వేయించి కొట్టిన పిండితో ఉగ్గు, తర్వాత రాగులు, మా వైపు చోళ్ళంటాం, ఆ పిండితో జావ, అరటిపండు, ఉడకబెట్టిన చిలగడదుంప. చెంచా వంచితే జారిపోనంత చిక్కగా ఉండాలి. ఏడాది దాకా ఉప్పు వద్దు, పంచదార వద్దు. ఇవన్నీ ఎవరైనా చెబుతారు. ఆవిడ ఇంకో మాట చెప్పింది. పిల్లకి పెట్టేముందు నువ్వు తిని చూపించు, తినడమంటే ఏమిటో వాళ్ళకి తెలియదు, నిన్ను చూసి నేర్చుకుంటారు అంది. గిన్నె ఒకటే ఉండాలి, చెంచాలు మాత్రం రెండు. నేను నా చెంచాతో తిని, "ఆమ్" అని నమిలి చూపించి, వాళ్ళ చెంచాతో వాళ్ళకి పెడతాను.

ముసలావిడ ఇంటిని ఊళ్ళో గుడికి దండలు కట్టే ఇల్లు అంటారు. తెల్లవారుజామునే తలస్నానం చేసి నందివర్ధనాలు, గన్నేరుపూలు కట్టి గుడికి పంపాకే ఆవిడ కాఫీ అయినా ముట్టుకుంటుంది. దండలతో ఇల్లు గడవక కోడలు పిక్కలు కొట్టడానికి వచ్చేది. అంటూ ముట్టూ మాత్రం ఆ ఇంట్లో ఉగ్గుపాలతోనే పోస్తారు. మాది చర్చికి వెళ్ళే ఇల్లు, పైగా తరాలుగా కూలి ఇల్లు. ఆవిడకి ఆ రెండు ముక్కలు చాలు. పగ సంగతి దేవుడికి వదిలెయ్యమని మా పాస్టరుగారు తరచూ చెబుతుంటారు. దేవుడికి చాలా పనులుంటాయి. ఈ ఒక్కటీ నేను చూసుకుంటానని మనసులో అనుకున్నాను.

ఆడపిల్లకి అన్నప్రాశన బేసి నెలలో చెయ్యాలట. ఏడో నెలలో చేద్దామనుకునేసరికి మూఢం వచ్చింది. మూఢంలో శుభకార్యం కూడదు. ఎనిమిది సరి నెల, అది పనికిరాదు. ఇక తొమ్మిదో నెలలోనే అని పంతులుగారు తేల్చేశారు. అప్పటిదాకా పిల్లకి పాలు తప్ప ఏమీ పెట్టకూడదని ముసలావిడ శాసనం. తల్లికి పాలు చూస్తే పగలంతా ఫ్యాక్టరీలో ఉండి ఉండి తగ్గిపోయాయి. మధ్యాహ్నం పరిగెత్తుకొచ్చి పట్టేది. పిల్ల రెండు నిమిషాలు పీల్చి, ఏమీ రాక, ఏడ్చి వదిలేసేది. ప్రతి సోమవారం నేను పిల్లలందరినీ వేలాడే త్రాసులో వేసి తూస్తాను. మూడు సోమవారాలు వరసగా ఈ పిల్ల దగ్గర ముల్లు అక్కడే ఆగింది. మిగతా పిల్లలు తింటుంటే వాళ్ళ నోళ్ళ వైపు చూస్తూ కూర్చునేది, చప్పరించేది.

ఆకలి చూడలేక పెట్టానని చెబితే బాగుంటుంది. నలుగురూ మెచ్చుకుంటారు కూడా. కానీ అది సగం నిజమే. నాలుగో సోమవారం గిన్నెలో ఉగ్గు కలిపి ఆ పిల్లని ఒళ్ళో పెట్టుకున్నప్పుడు నా కళ్ళ ముందు ఉన్నది త్రాసు ముల్లు కాదు, గుమ్మం బయట నిలబడ్డ ఆ ముసలావిడ మొహం. ఆవిడ పంచాంగం చూసుకునే లోపల ఆవిడ మనవరాలి మొదటి ముద్ద నేను కాజేస్తున్నాను. అంత తీపి నాకు ఎప్పుడూ తగల్లేదు.

పిల్ల మొదటి రోజు నాలుకతో తోసేసింది. రెండో రోజు సగం మింగింది. మూడో రోజు నేను నా చెంచా నోట్లో పెట్టుకుని "ఆమ్" అనగానే తనే నోరు తెరిచింది. అక్కడితో ఆగితే నేను మంచిదాన్నే. మిగతా పిల్లలకి రెండు మూడు ముద్దలు చూపించి ఊరుకుంటాను. తర్వాత వాళ్ళంతట వాళ్ళే తింటారు. ఈ పిల్లకి మాత్రం ప్రతి ముద్దకీ ముందు నేనే తిన్నాను. నేను నమలకుండా ఒక్క చెంచా కూడా లోపలికి పోనివ్వలేదు. అన్నం అంటే ముందు ఎదుటి మనిషి తినేది, తర్వాత తను తినేది అని ఆ బుర్రలో పడిపోయింది. కావాలనే నేర్పాను. ఎప్పటికైనా ఆ ఇంట్లో వాళ్ళు ఈ పిల్లకి అన్నం పెట్టబోతే నేను అక్కడ ఉన్నట్టే ఉండాలని నా కోరిక.

తల్లి కనిపెట్టేసింది. పొట్టలోకి అన్నం వెళ్ళాక కింద నుంచి వచ్చేది మారకుండా ఉంటుందా? ఒక సాయంత్రం పిల్లని ఎత్తుకుని గుమ్మంలో ఆగింది. నన్ను అక్కలా అప్పా అని, పిల్లని గుంట అని పిలిచేది.

"అప్పా, గుంట దొడ్డికెలితే రంగు మారిపోనాది."

"పళ్ళొస్తన్నాయి కదే, అలాగే ఉంటాది" అన్నాను.

ఆమె తన నల్లటి వేళ్ళు చూసుకుంది. పిల్ల బుగ్గ చూసింది. బుగ్గ కాస్త నిండింది అప్పటికే.

"రేపు కూడా వస్తాయా అప్పా, పళ్ళు?"

"రోజూ వస్తాయి."

"మా అత్తకి తెలిస్తే సంపేస్తాది" అని నెమ్మదిగా అని, వెనక్కి తిరక్కుండా వెళ్ళిపోయింది. ఆ తర్వాత మేమిద్దరం ఆ సంగతి ఎత్తలేదు.

అలా నలభై రోజులు గడిచాయి. త్రాసు ముల్లు కదిలింది. మూఢం కూడా వెళ్ళిపోయింది. అన్నప్రాశనకి రమ్మని తల్లి నన్ను గుట్టుగా పిలిచింది. మర్యాదకి పిలిచిందే గాని నేను వెళ్తానని అనుకోలేదు. నేను ఇస్త్రీ చీర కట్టుకుని మరీ వెళ్ళాను. వీధి వరండాలో ఒక చివర ప్లాస్టిక్ కుర్చీ చూపించారు. వచ్చిన వాళ్ళందరికీ పంచుతున్న అరటిపండు నాకూ ఒకటి ఎవరో ఒళ్ళో పడేసి పోయారు. లోపల పీట మీద ముసలావిడ పట్టుచీరతో కూర్చుంది. పిల్ల ఆవిడ ఒళ్ళో ఉంది. మేనమామ వెండిగిన్నెలో పరమాన్నం పట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. బంగారపు ఉంగరంతో తీసి పిల్ల పెదాలకి తాకించాడు.

పిల్ల పెదాలు బిగించేసింది. మేనమామ నోటి వైపు చూసింది. ఆయన నోరు కదల్లేదు. నాయనమ్మ నోటి వైపు తలెత్తి చూసింది. అదీ కదల్లేదు. ఎవరు ముందు తింటారా అని చూస్తోంది పాపం. ఆ సంగతి ఆ ఇంటి మొత్తానికీ నా ఒక్కదానికే తెలుసు. మళ్ళీ తాకించారు. గిన్నెని ఒక్క తన్ను తన్ని ఏడుపు లంకించుకుంది. అందరూ నవ్వారు. "మొదటి ముద్ద కదేటి, కొత్త" అంది ముసలావిడ. ఆ మాట వినగానే నా చెయ్యి అరటిపండు మీదికి పోయింది.

తొక్క తీశాను. లోపలికి కనబడేలా కాస్త ముందుకి జరిగి, ఒక ముక్క కొరికి, "ఆమ్" అన్నాను. గట్టిగా ఏమీ అనలేదు. పిల్ల ఏడుపు ఠక్కున ఆపింది. తల తిప్పి నన్ను చూసి, రెండు చేతులూ చాచి, నోరు ఇంత చేసి తెరిచింది. ముసలావిడ పిల్లని చూసింది, నన్ను చూసింది. ఆవిడ మొహంలో రంగు మారడం నేను కళ్ళారా చూశాను. చాలా రోజులు అదే తలుచుకుని నిద్రపోయేదాన్ని.

ఆవిడ లేచి వరండాలోకి వచ్చింది.

"నోట్లో సెయ్యి ఎట్టొద్దని సెప్పినానా నేదా?"

"సెయ్యి ఎట్టనేదమ్మా. సెంచా ఎట్టినాను."

"ఎన్నాళ్ళ కాడ నుండి?"

"నలభై రోజులు" అన్నాను. ఆ అంకె చెప్పడానికి నేను నలభై రోజులూ ఎదురు చూశాను.

ఆవిడ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. గొంతు తగ్గించి, "ఏటి మందెట్టినావే నా గుంటకి?" అంది. మా వైపు మందు పెట్టడం అంటే చిన్న మాట కాదు. మనిషిని తన వైపు తిప్పుకోవడానికి తిండిలో ఏదో కలిపి పెట్టారని ఒకసారి పుకారు పుడితే ఊరు ఊరంతా నమ్ముతుంది. నేను పెసరపప్పు పెట్టానని చెబితే ఎవరు వింటారు? కుర్చీలోంచి లేచి వచ్చేశాను.

మర్నాటి నుంచి పిల్ల రాలేదు. ముసలావిడ ఇంట్లోనే ఉంచుకుంది. తల్లి ఒక్కతే గేటు దాటి లోపలికి పోయేది, నా వైపు చూసేది కాదు. మొదట్లో నాకు హాయిగానే ఉంది. కుక్క కాటుకి చెప్పు దెబ్బ, సరిపోయింది అనుకున్నాను. సోమవారం త్రాసులో పిల్లల్ని వేస్తుంటే ఆ పిల్ల పడుకునే ఉయ్యాల గుడ్డ ఖాళీగా కనిపించింది. దాన్ని మడిచి పెట్టబోయి, మళ్ళీ అలాగే వదిలేశాను.

గురువారం మధ్యాహ్నం తల్లి వచ్చింది. గుమ్మంలో నిలబడి ఏడ్చేసింది.

"తిన్నేదప్పా. వారం నుండి ఏటెట్టినా ఉమ్మేస్తంది. పరమాన్నం ఎట్టినారు, ఇడ్లీ ఎట్టినారు, నోరు మూసేస్తంది. మెడకి తాడు కట్టించినారు. ఆదివారం మందు కక్కించడానికి ఎవుడి కాడికో తీసుకెల్తారంట. ఆకు పసరు పోస్తారంట."

తొమ్మిది నెలల పిల్ల గొంతులో పసరు పోస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఒక్క మాట చెబితే చాలు. నువ్వు ముందు తిను, అది చూసి తింటుంది, అంతే. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, చెబితే ఆ తల్లి ఇంటికి పోయి గుట్టుగా చేసేస్తుంది, పిల్ల తినేస్తుంది, ముసలావిడ తాడు మహిమ అనుకుని మళ్ళీ దండలు కట్టుకుంటూ కూర్చుంటుంది. నేను మాత్రం ఊళ్ళో మందు పెట్టినదాన్నిగానే మిగిలిపోతాను.

"మీ అత్తని రమ్మను" అన్నాను. "ఎట్టిన సేతికే తియ్యడం తెలుసని సెప్పు. గుంటని తీసుకుని ఆవిడే రావాలి. ఆదివారం లోపల రావాలి."

ఆమె కన్నీళ్ళు తుడుచుకుని నన్ను చూసింది. "మీ ఇద్దరి పంతం మధ్యన నా గుంట ఎండిపోతంది కదప్పా" అంది. నేను గిన్నెలు కడగడానికి లేచాను. ఆ రెండు రోజులూ నాకు నిద్ర లేదు. ముసలావిడ రాకపోతే నేనే వెళ్ళి చెప్పాలని శుక్రవారం ఒట్టు పెట్టుకున్నాను. శనివారం పొద్దున్న ఆ ఒట్టుని మధ్యాహ్నానికి వాయిదా వేశాను. అంత మొండిదాన్ని.

శనివారం పన్నెండు గంటలకి వచ్చింది. చంకలో పిల్ల. నల్లతాడు మెడలో, బుగ్గలు లోపలికి పోయాయి, కళ్ళు మాత్రం పెద్దవైపోయాయి. నన్ను చూసి నవ్వింది. ముసలావిడ అలవాటుగా గుమ్మం బయటే ఆగింది.

"ఎట్టిన మందు తియ్యి" అంది.

"లోపలికి రండి."

"ఇక్కడే సెయ్యి, సేసీదేదో."

"లోపలికి వస్తేనే అవుద్ది."

గుమ్మం దాటింది. చుట్టూ ఉన్న ఆరుగురు పిల్లలూ చెంచాలు ఆపి చూశారు. చాప చూపించాను, కూర్చుంది. మా గదిలో అన్నం ముట్టుకునే వాళ్ళు సబ్బుతో చేతులు కడుక్కోవాలి, అది రూలు. కడుక్కోమన్నాను. కడుక్కుంది. మళ్ళీ కడుక్కోమన్నాను. కడుక్కుంది. మూడోసారి కూడా కడిగించాను. రూలు ఒక్కసారే.

నేను వండిన పెసరపప్పు అన్నం మెత్తగా మెదిపి గిన్నెలో పెట్టి, రెండు చెంచాలతో ఆవిడ ముందు పెట్టాను.

"మందు అన్నంలోనే ఉన్నాది. మూడు ముద్దలు మీరు ముందు తినాలి. గుంట సూస్తా ఉండగా తినాలి. ఆమ్ అనాలి. అప్పుడే దిగుతాది."

ఆవిడ గిన్నెని చూసింది. నా పొయ్యి, నా గిన్నె, నా చేత్తో మెదిపిన అన్నం. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ మా లాంటి వాళ్ళ ఇంట్లో నీళ్ళు కూడా తాగి ఉండదు. పిల్ల మాత్రం నాయనమ్మ నోటి వైపే చూస్తూ కూర్చుంది. నేను తొందర పెట్టలేదు. ఎంతసేపైనా అలాగే చూడగలను.

చెంచాతో తీసుకుని నోట్లో పెట్టుకుంది. నమిలింది. "ఆమ్" అంది, వినబడీ వినబడకుండా.

పిల్ల ముందుకి వంగి, నోరు తెరిచి, "ఆమ్" అంది.

ముసలావిడ గబగబా రెండో చెంచాతో పెట్టింది. పిల్ల మింగేసి మళ్ళీ తెరిచింది. ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు కారాయి. ఆవిడ ఏడుస్తూ నన్నేదో అంటుందని ఎదురు చూశాను, క్షమించమనో, శపించో.

"ఉప్పు నేదేటే ఇందులో?" అంది.

"ఏడాది దాకా ఎయ్యకూడదు. మీకు కావాలంటే సెప్పండి, మీకు వేరే ఏస్తాను" అన్నాను. "ఇంకా రెండు ముద్దలున్నాయి మీకు."

నిజానికి పిల్ల అప్పటికే తింటోంది. మొదటి ముద్ద ఒక్కటీ చాలు. తక్కిన రెండూ నా కోసం. రెండోది ఆవిడ గుమ్మంలో అన్న మాటకి, మూడోది మందు పెట్టానన్న మాటకి. ఆవిడ రెండూ తింది. నాకు సిగ్గు వెయ్యలేదు, సంతోషమేసింది.

గిన్నె సగమయ్యేసరికి పిల్ల మొహం ఎర్రగా చేసుకుని, మూలిగి, నాయనమ్మ ఒళ్ళోనే పని కానిచ్చేసింది. ఆవిడ చెంచా పక్కన పెట్టి, అలవాటు కొద్దీ పిల్లని ఎత్తి నా వైపు చాచింది. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"సబ్బు అక్కడున్నాదమ్మా."

ఆవిడకి అర్థమైంది. నా కళ్ళలోకి చూసింది. తర్వాత లేచి కుళాయి దగ్గరికి వెళ్ళింది. తన్నుకునే పిల్లని కడగాలంటే ఒక్క చేత్తో అయ్యే పని కాదు. ఒక చేత్తో మొదలుపెట్టింది గాని పిల్ల జారిపోతుంటే రెండు చేతులూ పెట్టాల్సి వచ్చింది. తెల్లారితే గుడికి దండలు కట్టే చేతులు అవి. కడిగింది, తుడిచింది, సబ్బుతో చేతులు కడుక్కుంది. ఈసారి నేను చెప్పకుండానే రెండుసార్లు కడుక్కుంది. వచ్చి చాప మీద కూర్చుంది. పిల్ల గిన్నె వైపు వంగింది. ఆవిడ తన చేతులు చూసుకుంటూ ఆగిపోయింది.

"ఎట్టండి" అన్నాను. "పరవానేదు, ఆ సెయ్యి పనికొస్తాది."

ఆవిడ తల ఎత్తలేదు. ముందు తను ఒక ముద్ద తిని, తర్వాత పిల్లకి పెట్టింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా నేను అక్కడే నిలబడి చూశాను.